ఊదిన గాలీ, గీసిన గడీ

మగ్రిబ్ నమాజు అయిపోయి జనం బయటికొచ్చే వేళకు మసీదు గుమ్మం పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని నిలబడి ఉంటారు. ముదినేపల్లి చుట్టుపట్ల గానీ, గుడివాడలో గానీ, బందరులో గానీ, దివిసీమ ఊళ్లలో గానీ పెరిగిన మాకు ఇది వింత కాదు. నిలబడ్డవాళ్లలో మా ఇళ్ల ఆడవాళ్లకంటే పక్కవాడల ఆడవాళ్లే ఎక్కువ. బిడ్డ రాత్రంతా గుక్కపట్టి ఏడ్చింది, పాలు కక్కుతోంది, దిష్టి తగిలింది, గాలి సోకింది. ఇవీ కారణాలు. లోపల్నించి వచ్చిన ప్రతివాడూ ఒక్క క్షణం ఆగి, పెదాలు కదిలించి, బిడ్డ మొహమ్మీద ఉఫ్‌మని ఊది, చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోతాడు. ఊదినవాడు ఆలిం కాదు, పీరు కాదు. సైకిళ్లు బాగుచేసేవాడు, మాంసం కొట్టేవాడు, మిల్లులో బస్తాలు మోసేవాడు. డబ్బు ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు.

ఇదే మనుషుల గురించి ఇవే ఊళ్లలో ఇంకో మాట కూడా ఉంది. సాయిబు మంత్రం పెట్టాడంటే ఇక తిరుగులేదు అనే మాట. గేదె పాలివ్వకపోయినా, కుదిరిన సంబంధం చెడినా, కోడలు మాట్లాడ్డం మానేసినా ఆ మాట పైకొస్తుంది. సినిమాలో శ్మశానం సీనుకు ఒక సాంబ్రాణి పొగ, ఒక నెమలీకల కట్ట, ఒక ఫకీరు సిద్ధంగా ఉంటాడు. పొద్దుగూకే వేళ బిడ్డను మా ముందు పట్టిన ఊరే అర్ధరాత్రి మా గుమ్మం వైపు అనుమానంగా చూడగలదు. 1992 డిసెంబరు తర్వాత ఆ అనుమానానికి వేరే భాషలు వచ్చాయి గానీ, మంత్రగాడు అనే ముద్ర అంతకంటే చాలా పాతది. అది ఎక్కడిదో వెతకాలంటే, మంత్రం అనే ఒకే సంచిలో కుక్కేసిన రెండు వేర్వేరు సరుకుల్ని ముందు బయటికి తీసి విడివిడిగా పెట్టాలి.

ఒకటి పుస్తకం ఉన్న మంత్రం. దానికి గురువుండాలి, గురువు అనుమతి ఉండాలి, అక్షరాల లెక్కలు రావాలి, గ్రహాలు తెలియాలి, ఘడియ చూడాలి, ఏకాంతపు గది ఉండాలి, నలభై రోజులు పని మానుకుని కూర్చోగల స్తోమత ఉండాలి. ఉర్దూలో దీన్ని అమలియాత్ అంటారు, చేసేవాణ్ణి ఆమిల్ అంటారు. రెండోది పుస్తకం లేని మంత్రం. ఉప్పు, ఎండుమిరపకాయలు, పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్లు, నల్లదారం, ఇనప ముక్క, నోటి గాలి, చెంబెడు నీళ్లు. దీనికి టోట్కా అనే చిన్నచూపు పేరే గానీ శాస్త్రమనే గౌరవం ఎన్నడూ దక్కలేదు. చదువుకున్నవాళ్లు మొదటిదాన్ని కర్మకాండ మంత్రవిద్య అనీ, రెండోదాన్ని జానపద మంత్రం అనీ అంటారు. పేర్లు ఏవైనా, మేం చూసేది అది ఎవరి చేతిలో ఉందన్న సంగతి.

మొదటిదాని గురించి ఈ దేశంలో దొరికే వివరమైన పుస్తకాల్లో ఒకటి మా ప్రాంతపు మనిషిదే. జాఫర్ షరీఫ్ అనే మున్షీ ఏలూరువాడు. మద్రాసు కొలువులో సర్జనుగా ఉన్న హెర్క్‌లాట్స్ అడిగి రాయించుకుని, ఇంగ్లీషులోకి మార్చి, 1832లో లండన్‌లో అచ్చువేయించిన 'కానూన్-ఎ-ఇస్లాం' ఆ మున్షీ రచన. పుట్టుక నుంచి చావు దాకా, పీర్ల పండుగ నుంచి పెళ్లి దాకా దక్కనీ ముస్లింల బతుకు అందులో ఉంది. దావత్ మీద, తాయెత్తుల మీద, దయ్యాలు వదిలించడం మీద ఉన్న అధ్యాయాలు కూడా అందులోనివే. 1921లో విలియం క్రుక్ అనే మాజీ కలెక్టరు ఆ పుస్తకాన్ని సవరించి, అధ్యాయాల వరస మార్చి, ఇతర ప్రాంతాల సంగతులు చేర్చి, ఆక్స్‌ఫర్డ్ నుంచి మళ్లీ తెచ్చాడు. ఒక మున్షీ తన చుట్టూ చూసి రాసింది దేశంలోని ముస్లింలందరి లక్షణంగా చెలామణీ అయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ముదినేపల్లి మండలం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి పోయింది. ఆ లెక్కన మున్షీ ఇప్పుడు మా జిల్లావాడు కూడా.

దావత్ అంటే మనందరికీ బిర్యానీ గుర్తొస్తుంది. మాట అదే. దావత్ అంటే పిలుపు. చుట్టాలకు బదులు దైవనామాల్నీ, వాటికి కాపలా ఉండే మువక్కిళ్లనీ, జిన్నుల్నీ పిలవడం ఈ దావత్. పదహారో శతాబ్దంలో గ్వాలియర్‌కు చెందిన షత్తారీ సూఫీ ముహమ్మద్ గౌస్ రాసిన 'జవాహిరె ఖమ్సా' దీనికి మూలగ్రంథాల్లో ఒకటి. పద్ధతి ఎలాంటిదంటే, పిలవబోయే నామంలోని అక్షరాలకు అంకెలు కట్టాలి. ఏ అక్షరం అగ్నిదో ఏది నీటిదో, ఏ గ్రహానిదో చూడాలి. దానికి తగ్గ ధూపం వేయాలి. ఉగ్రమైన నామాలకైతే మాంసం, చేపలు, గుడ్లు, తేనె, కస్తూరి మానాలి, భార్యకు దూరంగా ఉండాలి. సౌమ్యమైన నామాలకైతే వెన్న, పెరుగు, సిర్కా, ఉప్పు మానాలి. రెండూ కలిస్తే ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ కూడా ముట్టకూడదు. నలభై రోజులు నేల మీద చాపపై పడుకుని, తక్కువ మాట్లాడి, వేలసార్లు నామం జపించాలి. ఆ గదిలోకి కుక్క రాకూడదు, పిల్లి రాకూడదు, పరాయి మనిషి రాకూడదు.

కూలికెళ్లే సాయిబుకు ఇందులో ఏది సాధ్యం? నలభై రోజులు గది తలుపేసుకుంటే నలభై ఒకటో రోజుకు పొయ్యిలో పిల్లి లేస్తుంది. మాంసం మానడం ఒక్కటే వాడికి తేలిక, ఎలాగూ దొరకదు గనక.

మున్షీ మాత్రం నిజాయితీపరుడు. ఈ విద్య మీద చాలాకాలం మోజుపడి, పండితుల వెంటా ఆమిళ్ల వెంటా, అరబ్బు దేశం నుంచీ ఇరాన్ వైపు నుంచీ వచ్చిన యాత్రికుల వెంటా తిరిగాననీ, చివరికి కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయిందనీ తన గురించి తనే చెప్పుకున్నాడు. ఫార్సీలోనూ ఆ సామెత అచ్చంగా ఇలాగే ఉంది. పర్షియా ఓడలు వందల ఏళ్లు వచ్చిపోయిన బందరు రేవు పక్కనే ఉండగా, ఏలూరు మున్షీకి అలాంటి యాత్రికులు తటస్థపడటం ఆశ్చర్యం కాదు. మున్షీ రాసిన విధివిధానాలన్నీ తర్వాతివాళ్లు ఎత్తి చూపారు. ఆ ఎలుక సంగతి మాత్రం అందరూ వదిలేశారు.

అక్షరాలకు అంకెలు కట్టే పద్ధతిని అబ్జద్ అంటారు. ఆటోల మీద, కొట్ల గుమ్మాల మీద కనిపించే 786 అక్కడి నుంచే వచ్చింది. బిస్మ్ అనే మాటకు 102, అల్లాహ్‌కు 66, రహ్మాన్‌కు సంబంధించిన మాటకు 329, రహీమ్ మాటకు 289, కలిపితే 786. ఇక తాయెత్తులో మడిచి పెట్టే కాగితం మీద తొమ్మిది గళ్ల చతురస్రం ఉంటుంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఎటు కూడినా 15. నాలుగు మూలల్లో 2, 4, 6, 8. ఆ నాలుగు అంకెల అక్షరాల్ని కలిపి చదివితే బుదూహ్. అర్థం లేని ఆ మాటకే ఎన్నో మహిమలు కట్టారు. ఇదే గడిని రాగిరేకు మీద గీసి పంతులుగారు సూర్య యంత్రమని ఇస్తారు. ఇదే గడిని జర్మనీ పండితుడు అగ్రిప్పా 1533లో అచ్చయిన తన మంత్రశాస్త్ర గ్రంథంలో శనిగ్రహానికి కట్టబెట్టాడు. గడి ఒకటే. మా చేతిలో ఉంటే తురక మంత్రం, పంతులుగారి చేతిలో ఉంటే యంత్రశాస్త్రం, అగ్రిప్పా చేతిలో ఉంటే యూరప్ పునరుజ్జీవన చరిత్ర.

ఇంతకూ చిల్లా అనే మాట దగ్గర మేం కాసేపు ఆగాలి. ఆమిల్ కూర్చునే నలభై రోజుల్ని చిల్లా అంటారు. మా ఇళ్లలో బాలింత నలభై రోజుల్నీ చిల్లా అనే అంటారు. చిల్లా స్నానం చేయిస్తేగానీ తల్లి అందరిలోకీ రాదు. మున్షీ పుస్తకంలో రెండు చిల్లాలూ ఉన్నాయి, ఒకటి పురుళ్ల అధ్యాయంలో, ఇంకొకటి దావత్ అధ్యాయంలో. పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడా నలభై రోజులే, ఇక్కడా నలభై రోజులే. అక్కడా మూసిన గది, ఇక్కడా మూసిన గది. అక్కడా పథ్యం, ఇక్కడా పథ్యం. అక్కడా ధూపం, ఇక్కడా పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి. అక్కడ చుట్టూ గిరి గీసుకుని కూర్చుంటాడు, ఇక్కడ దాదీమా తలగడ కింద చాకు పెడుతుంది. పరాయివాళ్లు రాకూడదన్న నియమం రెండు చోట్లా ఉంది. ఆమిల్ ఆ నలభై రోజుల్లో ఒక జిన్నును లొంగదీసుకోవాలని చూస్తాడు. బాలింత ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది. మొదటిది ఇల్మ్ అనిపించుకుంది, రెండోది ఆడవాళ్ల చాదస్తం అనిపించుకుంది. మంత్రానికీ మంత్రానికీ తేడా ఏమిటని ఎవరైనా మమ్మల్నడిగితే మేం ముందు చూపించేది ఈ రెండు గదుల్నే.

పుస్తకపు మంత్రానికి ఎప్పుడూ దర్బారులో చోటుంది. ముహమ్మద్ గౌస్‌నూ, వాళ్లన్న షేక్ ఫూల్‌నూ హుమాయూన్ పాదుషా ఎంతో గౌరవించాడు. సంగీత విద్వాంసుడు తాన్‌సేన్ సమాధి గ్వాలియర్‌లో గౌస్ సమాధి పక్కనే ఉంది. ఇంగ్లండులో జాన్ డీ అనే పండితుడు దేవదూతల్ని పిలిచి మాట్లాడటానికి ఏళ్లు గడిపాడు. 1559 జనవరి 15న మొదటి ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టింది ఆయనే. అదే రాణి ఏలుబడిలో 1563లో మంత్రగత్తెల మీద చట్టం వచ్చింది, ఆ చట్టం కింద ఉరికంబం ఎక్కినవాళ్లలో ఎక్కువమంది పల్లెటూరి ఆడవాళ్లు. మన దగ్గరా అంతే. చేతబడి నెపంతో చెట్టుకు కట్టి కొట్టింది, పళ్లు ఊడగొట్టింది, తగలబెట్టింది ఎవర్ని? గ్రహాల లెక్కలు తెలిసిన ఏ పండితుణ్ణీ కాదు. ఒంటరి ముసలమ్మల్ని, దళితుల్ని, గిరిజనుల్ని.

తెలుగువాడికి మాంత్రికుడనగానే 1951 నాటి 'పాతాళ భైరవి'లో ఎస్వీ రంగారావు గుర్తొస్తాడు. నూజివీడులో పుట్టిన మా కృష్ణా జిల్లా నటుడు. ఆ నేపాళ మాంత్రికుడు పక్కా కర్మకాండవాడు. వాడికి సాధన కావాలి, విగ్రహం కావాలి, బలికి సకల లక్షణాలున్న యువకుడు కావాలి. అంతటి దుర్మార్గుడైనా జనం వాణ్ణి ముచ్చటపడి చూశారు. తర్వాతి సినిమాల ఫకీరుకు ఆ దర్జా లేదు. వాడు చేసేది చిల్లర పని, వాడి మీద చూపేది చిల్లర భయం.

ఇక మాలో మేం చేసుకున్న పని గురించి కూడా చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దంలో సంస్కరణ మా ఇళ్లలోకి వచ్చింది. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 'బహిష్తీ జేవర్' ఎన్నో తరాల ముస్లిం ఆడపిల్లలకు పెళ్లిలో పెట్టే పుస్తకమయింది. ఆడవాళ్ల ఆచారాల్లో ఏది బిద్అత్తో ఏది షిర్కో అందులో పట్టికలా ఉంటుంది. ఛట్టీలూ చిల్లాలూ మొక్కులూ టోట్కాలూ అన్నీ తప్పే. ఆ థాన్వీ సాహెబే 'ఆమాలె ఖురానీ' కూడా రాశారు. జ్వరానికి ఏ ఆయత్, కాన్పుకు ఏ ఆయత్, అప్పు తీరడానికి ఏ ఆయత్ అన్నది ఆ పుస్తకం చెబుతుంది. మేం వెక్కిరించడం లేదు. ఖురాన్ చదివి రోగి మీద ఊదడం ప్రవక్త కాలం నుంచీ ఉన్నదే, షిర్క్ లేనంతవరకు తప్పు లేదని హదీసుల్లోనే ఉంది. మా అభ్యంతరం ఇంకోటి. అక్షరంలో ఉన్నది ఆమోదం పొందింది, చేతిలో ఉన్నది తప్పయింది. అక్షరం మగవాళ్ల దగ్గరుంది, చేయి మా అమ్మలది.

మసీదు గుమ్మంలో సాధారణంగా చదివి ఊదేది ఖురాన్ చివరి రెండు సూరాలు. వాటిలో మొదటిది, ఫలఖ్, ముడులేసి ఊదేవాళ్ల కీడు నుంచి శరణు వేడుతుంది. అరబ్బీలో ఆ మాట స్త్రీలింగ బహువచనంలో ఉంది. ఊదేవాళ్ల నుంచి కాపాడమని వేడుకునే సూరానే చదివి బిడ్డ మీద ఊదుతారు. దర్గాలో వేసే ఊదు అరబ్బీ నుంచి వచ్చింది, బిడ్డ మీద ఊదడంలోని ఊదు మాత్రం మన తెలుగుదే. మోపిదేవి పుట్టలో పాలు పోసిన తల్లే దారిలో దర్గా దగ్గర దిగి ఊదు వేయిస్తుంది. ఈ కలగలుపును ఏ మౌల్వీ ఒప్పుకోలేదు, ఏ శాస్త్రులూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది ఊరు.

ప్రభుత్వానికి మాత్రం ఈ తేడా బాగా తెలుసనిపిస్తుంది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పి.ఎస్. కృష్ణన్ నివేదిక మీద ఆధారపడి ముస్లింలలో వెనకబడినవాళ్లకు నాలుగు శాతం రిజర్వేషన్ల చట్టం చేసింది. బీసీ 'ఇ' జాబితాలో పేర్లు చదవండి. గారడీ ముస్లిం, గారడీ సాయిబులు, పాములవాళ్లు, కనికట్టువాళ్లు. ఫకీరు సాయిబులు, గంట ఫకీర్లు, తురక బుడబుడకలు, దర్వేషులు, బొంతల ఫకీర్లు. ఇక ఈ జాబితాలోకి రానివాళ్లెవరు? సయ్యద్‌లు, ముషాయఖ్‌లు, మొఘల్‌లు, పఠాన్‌లు, ఇరానీలు, అరబ్బులు. సయ్యద్‌లూ ముషాయఖ్‌లూ పీరీమురీదీ నడిపిన ఖాందాన్‌లు, గ్రంథాలూ ఇజాజత్‌లూ ఉన్న ఇళ్లు. చట్టం అలాంటి ఉద్దేశంతో చేసింది కాదు, అది చూసింది చదువూ ఉద్యోగాల వెనకబాటు. కానీ ఆ జాబితాను మంత్రం చరిత్రగా కూడా చదవొచ్చు. పుస్తకం ఉన్నవాడికి మంత్రం హోదా అయింది. పుస్తకం లేనివాడికి అదే కులమయింది, ఇంటిపేరయింది, వెనకబాటయింది.

లౌకికవాద మిత్రులతో ఒక మాట. బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పిన గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన జిల్లా ఇది. మంత్రాలకు చింతకాయలు రాలవని ఊరూరా తిరిగి చెప్పినవాళ్లకు మేం రుణపడి ఉన్నాం. చేతబడి హత్యలకు ఎదురు నిలబడ్డది వాళ్లే. అయితే వేదిక మీద గాలిలోంచి విభూతి తీసి, నాలుకలో శూలం గుచ్చి, ఇదంతా హస్తలాఘవమే అని చూపించినప్పుడల్లా మాకొకటి అనిపించేది. ఆ హస్తలాఘవం తరతరాలుగా ఎవరిది? సంతలో డమరుకం వాయించి, బుట్ట కింద కొడుకును పెట్టి మాయం చేసిన గారడీ సాయిబుది. అది కనికట్టేనని వాడే ఒప్పుకుని కడుపు చూపించి పైసలడిగాడు. తన విద్యకు తనే కనికట్టని పేరు పెట్టుకున్నవాణ్ణి మూఢనమ్మకాల లెక్కలో వేశాం, మహిమలు చాటుకున్నవాళ్లకు మాత్రం మఠాలున్నాయి.

జానపదమంతా అమాయకమని మేం అనడం లేదు. దయ్యం పట్టిందని కోడల్ని వేపమండలతో బాదినవాళ్లు మాలోనూ ఉన్నారు. తాయెత్తు కట్టి కామెర్లు ముదరబెట్టినవాళ్లున్నారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా మహిమ మీద నమ్మకంతో తెచ్చి గొలుసులేసి కట్టిన మానసిక రోగులు 28 మంది పాకకు నిప్పంటుకుని కదలలేక కాలిపోయారు. గొలుసుకు ఇల్మ్ లేదు, టోట్కా లేదు. రోగాలు నయం చేస్తామని మంత్రాలూ తాయెత్తులూ కవచాలూ ప్రకటనలిచ్చి అమ్మడం 1954 నుంచీ చట్టప్రకారం నేరం. అయినా బస్సు సీట్ల వెనక, ఇప్పుడు సెల్‌ఫోన్లలో, ఆమిల్ బాబాల ఫోన్ నెంబర్లు కనిపిస్తూనే ఉన్నాయి. వీళ్లు కర్మకాండ భాషను అరువు తెచ్చుకుని జానపదుల భయాన్ని అమ్ముకునేవాళ్లు. వీళ్ల దగ్గర రెండు సంప్రదాయాల చెడూ ఉంది. మంచి, అంటే ఆమిల్ పడే కష్టం గానీ, గుమ్మంలో ఊదేవాడి ఉచితం గానీ, లేదు.

గుమ్మం దగ్గర ఈమధ్య జనం పలచబడ్డారు. ఊదడం షిర్క్ ఏమోనని మా కుర్రవాళ్లు కొందరు తల దించుకుని పక్కనుంచి వెళ్లిపోతున్నారు. మసీదు దగ్గరికి ఎందుకే అని కొడుకులు తమ తల్లుల్ని ఆపుతున్న ఇళ్లు అటువైపూ ఉన్నాయి. ఆ మధ్య ఒక సాయంత్రం ముదినేపల్లి వైపు ఒక మసీదు ముందు ఒక్కతే నిలబడి ఉంది, పొలం పని నుంచి తిన్నగా వచ్చినట్టుంది, పాదాలకు బురద ఇంకా ఆరలేదు. చివరగా బయటికొచ్చిన ముసలాయన బిడ్డ మీద మూడుసార్లు ఊదాడు. తర్వాత నుదుటి మీద చేయి ఆనించి చూసి, "ఒళ్లు కాలిపోతోందమ్మా, గుడివాడ తీసికెళ్లి డాక్టరుకు చూపించు" అన్నాడు. ఆ వేళప్పుడు ఆటో దొరుకుతుందో లేదోనని ఆమె రోడ్డు వైపు చూస్తుంటే, తన మనవణ్ణి కేకేసి బండి తీయమన్నాడు.